రుచియాత్ర – అతిథిధర్మము

మిత్రులు కలిసి ఒక పట్టణమునకు పోయి, దినమెల్ల తిరిగి, చూడదగినవి చూచి, తినదగిన చోట తినుట తెలుగువారికి క్రొత్త వేడుక కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామము ఆ వేడుకనే కథావస్తువుగా గ్రహించిన కృతి. కర్తృత్వ వివాదము ఇచట మనకు అక్కరలేదు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను ఇద్దరు చెలికాండ్రు ఓరుగల్లు వీధులలో విహరింతురు. పల్నాటి వీరుల కథ పాడుట విందురు; వాడవాడలను, వారివారి వృత్తులను, వేషభాషలను పరికింతురు. నడుమ ఒక పూటకూటి యింట ఒక్క రూకకు భోజనము దొరకును. మంచి బియ్యపు అన్నము, గోధుమపిండివంట, పిడికెడు పంచదార, క్రొత్తగా కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుడు పచ్చళ్ళు, గడ్డపెరుగు. ఆ కాలమున ఒక్క రూక ఎంత విలువైనదో తెలియకున్నను, విస్తరి నిండినదని మాత్రము తెలియుచున్నది. అయినను కవి ఆ విస్తరిని ఒక్క పద్యములో ముగించి మరల వీధిలోనికి నడచినాడు. గ్రంథమున తక్కినదంతయు ఊరే.

నేటి శని ఆదివారముల విహారములలో ఈ పాలు తలక్రిందులైనది. పద్యమంతటి చోటు ఊరికి, కావ్యమంతటి చోటు తిండికి దక్కుచున్నది. ఏ ఊరికి పోయినను అచట తినవలసిన వస్తువుల పట్టిక ఒకటి ముందే సిద్ధమై యుండును. ఆ పట్టిక ప్రకారము ఒక్కొక్క కొట్టు ముందు కారు ఆపుట, తినుట, ఫొటో తీసికొనుట, మరల కారెక్కుట. ఊరు అనగా కొట్టుకును కొట్టుకును నడుమనున్న దారి మాత్రమే. ఇటీవల కృష్ణా డెల్టా దిగువ భాగమున అట్టి విహారమొకటి నేనును చేసినాను. దాని మీద నాకు కలిగిన అభిప్రాయమును పాఠకుల ముందుంచుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ముప్పది యేండ్ల క్రిందట ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఎం.ఏ. తెలుగు కలిసి చదివినవారము ఆరుగురము. ఒకడు హైదరాబాదులో ప్రభుత్వోద్యోగి. ఒకడు బ్యాంకు పని విరమించి విజయవాడలో స్థిరపడినాడు. ఒకామె పాఠశాల ప్రధానోపాధ్యాయిని. తక్కినవారము కళాశాలలలో పాఠములు చెప్పుకొనువారము. హైదరాబాదు మిత్రుడు ఫోనులో పదునాలుగు తినుబండారముల పట్టిక తెచ్చినాడు. గుడివాడ, బందరు, దివిసీమ ఆ పట్టికలో ఉన్నవి. క్షేత్రయ్య మొవ్వయు, సిద్ధేంద్రుని కూచిపూడియు దారికి కూతవేటు దూరమున నున్నను పట్టికలో లేవు. పేరుపడిన పిండివంట యేదియు లేకపోవుటయే ఆ గ్రామములు చేసిన అపరాధము!

తిండి యాత్రలను నేను నిందించుట లేదు. మమ్ము ఇన్నేండ్లకు ఒక్కచోట చేర్చినది సాహిత్యము కాదు, లడ్డు. ఒక ఊరిని తెలిసికొనుటకు నాలుకకంటె దగ్గర దారి లేదని కూడ నేనొప్పుకొందును. నా వాదమొక్కటే: ఊరి కూడు తిన్నవాడు ఆ ఊరికి అతిథి యగును. పైకము చెల్లించినంత మాత్రమున ఆ సంబంధము తీరదు. అతిథికి కొన్ని ధర్మములు కలవు; వానిని మరచి తినువాడు ఎంత తిన్నను ఆ ఊరి రుచి యెరుగడు.

మా మొదటి మజిలీ గుడివాడ. ఉదయమున ఇడ్లీలు, అల్లపు పచ్చడితో పెసరట్లు తిన్నాము. పట్టిక అంతటితో మమ్ము పొమ్మన్నది. కాని ఆ పెసరట్టు ఎచటినుండి వచ్చినదో తెలిసికొనుటకు ఊరు దాటి నాలుగు అడుగులు వేసిన చాలును. డెల్టా మాగాణులలో వరి కోతకు వచ్చు వేళ, చేను ఇంకను నిలిచియుండగనే, మినుములు పెసలు చల్లుదురు. వరి పోయిన పిమ్మట మట్టిలో మిగిలిన తేమయే ఆ పైరునకు ఆధారము. మరల నీరు పెట్టరు, దుక్కి దున్నరు. ఇడ్లీలోని మినపపప్పు, పెసరట్టులోని పెసలు ఇట్లు వరిచేను విడిచిపోయిన చెమ్మనుండి పుట్టినవి.

ఆ చెమ్మకు మూలము కాలువ. కాలువకు మూలము బెజవాడ ఆనకట్ట. అది 1855లో పూర్తియైనది. అంతకు ముందు ఇరువది సంవత్సరముల క్రిందటనే, 1832–33లో, నందన నామ సంవత్సరపు కరువు నదికి ఆవలనున్న గుంటూరు సీమను శ్మశానము చేసినది. కృష్ణ నిండుగా పారి సముద్రములో కలియుచుండగా గట్టుమీది ప్రజలు అన్నము లేక చచ్చిన దేశమిది. తరువాత వచ్చిన కాలువలు దీనిని అన్నపురాశిగా మార్చినవి. పాత ఆనకట్ట స్థానమున 1957 నుండి ప్రకాశం బారేజి నిలిచియున్నది. గుడివాడలో ఫలహారమునకు కూర్చుండువాడు ఈ రెండు సంవత్సరములనైన, 1832ను, 1855ను, ఒక్కసారి తలచుకొన్నచో చేతిలోని ముద్ద బరువు తెలియును.

గుడివాడనుండి గుడ్లవల్లేరు మీదుగ బందరు పోవు దారిలో పెడన కలదు. అదియు పట్టికలో లేనిదే. ప్రధానోపాధ్యాయిని పట్టుబట్టుటచే ఆగినాము. కలంకారీ అద్దకపు పనిచేయు కొట్టమొకటి చూచినాము. కరక్కాయ కషాయములో ఊరి ఆరిన వస్త్రమును బల్లమీద పరచి, టేకు చెక్కమీద చెక్కిన అచ్చును రంగులో ముంచి, గురుతు తప్పకుండ అద్దుచున్నారు. పటిక చేరిన చోట ఎరుపు పట్టును. నలుపు తయారగు విధము మమ్ము నిలబెట్టివేసినది. ఇనుపముక్కలను, బెల్లమును నీటిలో వేసి దినములకొలది పులియనిత్తురు. ఆ నీరు కరక్కాయ పట్టిన బట్టను తాకగనే నలుపు తేరును. ఒకప్పుడు పారశీకమునకును, ఐరోపాకును ఓడలెక్కి పోయిన మచిలీపట్టణపు అద్దకములలోని గీత ఈ బెల్లపు నలుపే. మరి ఒక గంటకు మేము బందరులో నోట వేసికొన్న లడ్డులోని తీపియు బెల్లమే. ఒక్క వస్తువు ఒక సీమ వృత్తులలో ఒకచోట వన్నెగా, ఒకచోట రుచిగా ఎట్లు సంచరించునో, పెడనలో ఆగనివారికి తెలియు అవకాశము లేదు.

బందరు తొక్కుడు లడ్డు కథయు అట్టిదే. బుందేలఖండమునుండి వచ్చి స్థిరపడిన బొందిలీలు ఈ విద్యను ఇచటికి తెచ్చినారని ఊరిలో చెప్పుకొందురు. శనగపిండిని జంతికల వలె వత్తి వేయించి, రోట దంచి, జల్లించి, బెల్లపు పాకము చేర్చి, నేయి పోయుచు మరల దంచుదురు. ఆ దంపులోనుండియే ‘తొక్కుడు’ అను పేరు వచ్చినది. నోట వేసికొనగనే కరగు ఆ మెత్తదనము నేతి వలన వచ్చినదని మనమనుకొందుము. రోకలి ఎత్తిన భుజములు దానికి అసలు కారణము. గోధుమపాలు తీసి, బెల్లముతో నేతితో గంటలకొలది కలియబెట్టు నల్ల హల్వాకు కూడ మూలధనము కండబలమే. బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. పేరునకు రక్షణ దొరకినది, సంతోషము. దంచు చేతికి ఏమి దొరకినదో అడుగువారు మాత్రము కొట్టు ముందు బారులో కనబడలేదు. మేము చూచిన చోట రోకలి పట్టిన వానికి యాబదియేండ్లు పైబడియుండును. “మీ అబ్బాయిలు ఈ పని నేర్చుకొన్నారా?” అని అడిగినాను. “ఎందుకండీ నేర్చుకోవడం, భుజాలు పోగొట్టుకోడానికా? చదువుకుంటున్నారు” అన్నాడు. ఆ మాటలో తండ్రి సంతోషము ఉన్నది. ఒక విద్య ముగియుచున్న సూచనయు ఉన్నది. ఆ రెంటిలో దేనిని తప్పుపట్టగలము?

ఇంతకు బందరు అనగా లడ్డేనా? కృష్ణాపత్రిక 1902లో ఈ ఊర పుట్టినది. ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945లో తనువు చాలించువరకు దానిని నడపినారు. జాతీయ విద్యకై కోపల్లె హనుమంతరావుగారు, మిత్రులు 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినది ఇచటనే. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించినదియు ఇచటనే. 2020లో ఆ బ్యాంకు మరియొక బ్యాంకులో విలీనమై పేరు కోల్పోయినది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు పాఠము చెప్పగా విశ్వనాథవారు కూర్చుండి విన్న ఊరు ఇది. తెలుగు ఎం.ఏ. పట్టాలు పుచ్చుకొన్న ఆరుగురము ఆ పాఠశాల ఎచటనున్నదని ఎవరినీ అడుగకయే రెండు కిలోల లడ్డు కట్టించినామన్నచో, అది మా ఆరుగురి సంగతి మాత్రమే కాదు. మనము యాత్ర అను మాటకు ఇప్పుడు చెప్పుకొనుచున్న అర్థము అట్లున్నది.

బందరుకు మరియొక చరిత్ర కలదు. 1864 నవంబరు 1వ తేది రాత్రి సముద్రము ఊరి మీదికి వచ్చినది. సుమారు 30,000 మంది మరణించినారు. ఓడలతో, వర్తకముతో శతాబ్దములు వెలిగిన రేవు ఆ దెబ్బనుండి పూర్వపు స్థితికి తేరుకొనలేదు. బందరు అను మాటకు రేవనియే అర్థము. రేవు క్షీణించినను పేరు నిలిచినది. 2023లో మంగినపూడి దగ్గర క్రొత్త రేవు పనులు ప్రారంభమైనవి. సముద్రమునకును ఆ ఊరికిని గల పాత లెక్క ఎట్లు తేలునో కాలమే చెప్పవలెను.

ఆదివారమున బందరు విడిచి చల్లపల్లి మీదుగ కృష్ణ ఒడ్డున నున్న శ్రీకాకుళమునకు పోయినాము. ఉత్తరాంధ్రమునందలి పట్టణము కాదు. ఆంధ్రమహావిష్ణువు వెలసిన గ్రామము. అతిథిధర్మమును గూర్చి నేను చెప్పదలచినదంతయు ఈ ఊరితో ముడిపడియున్నది. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు పోవుచు విజయవాటికలో కొన్ని దినములుండి, ఇచటికి వచ్చి, హరివాసరమున ఉపవసించినాడు. ఆ రాత్రి స్వామి కలలో కనబడి గోదాదేవి వివాహగాథను తెనుగున చెప్పుమని ఆజ్ఞాపించినట్లు ఆయనయే ఆముక్తమాల్యద పీఠికలో వ్రాసికొన్నాడు.

ఆ కావ్యములో విష్ణుచిత్తుడు పరదేశి వైష్ణవులకు అన్నము పెట్టు ఘట్టమును మించిన భోజన వర్ణనము తెలుగున అరుదు. వానకాలమున కలమాన్నము, పొట్టు తీసిన పప్పు, పొగపిన కూరలు, వడియములు, వరుగులు, పెరుగు. వేసవిలో గోరువెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసము, ఎడనీరు, మజ్జిగ. చలికాలమున మిరియపు కారము తగిలిన వేడి కూరలు, ఆవపెట్టిన పచ్చళ్ళు, చేయి కాలునంత వేడి నేయి, కాగిన పాలు. ఋతువు మారిన కొలది విస్తరి మారును. ఇంత పెట్టియు ఆ గృహస్థు, కూరలు ఎక్కువ లేవు, వేడి తగ్గినది, పిండివంటలు లేవు, దయచేసి భుజింపుడని అతిథులను వేడుకొనును. ఉపవాసమున్న ఒక రాత్రి, ఈ ఏటి ఒడ్డున, ఇట్టి కావ్యమునకు బీజము పడుట నాకెప్పుడును అబ్బురమే. ఆకలి యెరిగినవానికే అన్నము పెట్టుట తెలియును కాబోలు.

దేవరకోట సంస్థానపు కాసుల పురుషోత్తమకవి ఈ స్వామిమీదనే ఆంధ్రనాయక శతకమును చెప్పినాడు. ఆలయము నిరాదరణకు లోనైన దినములలో, స్వామిని నిందించుచున్నట్లు స్తుతించి ఏలికల మనస్సు కదలించినాడని ప్రతీతి. ఊరిలోని దేవునికి జరుగవలసినది జరుగుచున్నదా అని అడుగుట కవి పనియని అతడు తలచినాడు. ఊరిలోని మనుష్యులకు జరుగవలసినదానిని గూర్చి అడుగుట మన పని కాకపోవునా?

అచటినుండి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శించి, పులిగడ్డ కడ ఏటిని దాటి దివిసీమలో ప్రవేశించినాము. కృష్ణ రెండు పాయలై సముద్రమున కలియు నడిమి లంక ఇది. పులిగడ్డ అక్విడక్టు మీదుగ కాలువనీరు ఏటిపాయను దాటి లంకలోనికి పోవును. క్రింద కృష్ణ, పైన కృష్ణ. ఈ నీటి పుణ్యమున అవనిగడ్డ చుట్టును వరిచేలు. సముద్రమువైపు పోయినకొలది ఉప్పునేల, రొయ్యల చెరువులు, మడ అడవులు, చివరకు హంసలదీవి.

హంసలదీవికి పోవు దారిలో పట్టికలోని చివరి పేరు: ఏటి చేపల పులుసు. పాకవంటి భోజనశాల. శాకాహారులమైన ఇద్దరమును ముద్దపప్పు, గోంగూరతో సరిపెట్టుకొన్నాము. వెనుక చేపలు తోముచున్న ముదుసలితో మాట కలిపినాను. “అమ్మా, ఇది ఏటి చేపేనా?” అన్నాను. ఆమె నవ్వినది. “ఏటి చేప ఇక్కడెందుకుంటది బాబూ? అది తెల్లారకుండానే పట్నం పోద్ది. ఇది చెరువు చేప.” ఏటి చేపకై హైదరాబాదు మిత్రుడు ఇంత దూరము రాగా, ఏటి చేప అతనికి ఎదురుగా హైదరాబాదునకే పోవుచున్నదన్నమాట! అందరము నవ్వినాము. పిమ్మట వయసు అడిగితిని. “ఉప్పెన నాటికి నాకిద్దరు పిల్లలు బాబూ” అన్నది. సంవత్సరము చెప్పలేదు. దివిసీమలో కాలమునకు ఉప్పెన ముందు, ఉప్పెన తరువాత అను రెండే భాగములు. ఆ ఇద్దరు పిల్లలు ఏమైరని నేనడుగలేదు, ఆమె చెప్పలేదు. చేప తోముట ఆపలేదు.

1977 నవంబరు 19, శనివారము. తుపాను తీరము దాటు వేళ సముద్రము ఉప్పెనయై ఈ లంకమీద విరుచుకుపడినది. సుమారు 10,000 మంది మరణించినారు. ఊళ్ళకు ఊళ్ళు, సొర్లగొంది వంటివి, తుడిచిపెట్టుకొని పోయినవి. పశువుల లెక్క లేదు. మండలి వెంకటకృష్ణారావుగారి వంటివారు, దేశదేశముల సేవాసంస్థలవారు వచ్చి సీమను మరల నిలబెట్టుటకు పాటుపడినారు. ఉప్పెన నీరు నేలమీద ముందుకు వచ్చి ఆగిన చోట మృతుల స్మృత్యర్థము స్తూపమొకటి కట్టినారు. నేడు మన విస్తరిలోని అన్నము ఆ ఉప్పునీరు నిలిచిన నేలను కడిగి, మరల కాలువనీటితో తడిపి, మిగిలినవారు పండించినది.

ఇచట నా మిత్రుడొకడు లేవదీసిన ఆక్షేపణను దాచక చెప్పవలెను. “ఏడాదికి రెండు రోజులు దొరికితే అందులోనూ నీ పాఠమేనా? కరువు, ఉప్పెన, కూలి అని గుర్తుచేస్తే ముద్ద దిగుతుందా? మనం తింటేనే కదా వాళ్ళకు బేరం?” అన్నాడు. ఈ మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. బేరమువలన బ్రదుకు సాగుననుట సత్యము. సంతోషముగా తినుట అన్నమునకు గౌరవమనుటయు సత్యము. ఏడ్చుచు తినుమని నేననుట లేదు. కాని తెలిసి తిన్న ముద్ద దిగదనుట మాత్రము సరికాదు. మన యిండ్లలో తద్దినపు భోజనము తినువారు పోయినవారిని తలచుకొని, వారికి ఇష్టమైన వంటలు వండి, కడుపునిండ తినుచున్నారు. స్మరణయు రుచియు ఒక్క విస్తరిలో ఇముడునని ఈ జాతికి ఎవరును నేర్పనక్కరలేదు. బేరము సంగతి అందురా, అడుగువాడు లేనిచోట బేరము వస్తువును కాపాడదు. పేరును మాత్రమే కాపాడును. ఏటి చేప పేర చెరువు చేపయు, రోటి దంపు పేర యంత్రపు పిండియు అమ్ముడుపోవుటకు కారణము అమ్మువాని మోసము కాదు, తినువాని అశ్రద్ధ.

కాబట్టి రుచియాత్రకు పోవువారు ప్రతి ఊర మూడు ప్రశ్నలు అడుగవలెనని నా మనవి. ఈ వస్తువునకు ఇది ఋతువేనా? ఇది ఎవరి చేతులమీదుగ వచ్చినది? ఈ ఊరు దేనిని పోగొట్టుకొని నిలిచినది? మొదటి ప్రశ్న విష్ణుచిత్తుని యింట నేర్చుకొనదగినది. రెండవది బందరు రోటికడ. మూడవది దివిసీమలో. వీనికి పుస్తకములు తిరుగవేయనక్కరలేదు. వడ్డించువానిని పలుకరించిన చాలును. అడిగినందుకు ఎవరును విసుగుకొనరు. చెప్పుటకు చాల కలదు, అడుగువారే కరవు.

తెలుగు శాఖలవారికి మరియొక మాట. ఆముక్తమాల్యదను తరగతి గదిలో ప్రతిపదార్థముతో ముగించుట కంటె, విద్యార్థులను ఒక్కదినము శ్రీకాకుళమునకు కొనిపోయి, కోవెల నీడలో ఆ అతిథిపూజా ఘట్టమును చదివించి, పెడనలో బెల్లపు నలుపును చూపి, బందరులో లడ్డు తినిపించి తెచ్చుట మేలు. పోనువచ్చును ఒక్కదినములోనే, కృష్ణా జిల్లా కళాశాలలకు బస్సు ఖర్చు తప్ప వేరు వ్యయము లేదు. అట్లు పోయివచ్చిన పిల్లలు రేపు తమ మిత్రులతో విహారమునకు బయలుదేరునప్పుడు పట్టికలో మొవ్వ పేరు కూడ వ్రాసికొందురు.

నవంబరు మాసము యాత్రలకు అనువైన కాలము; వాన వెలిసి, చలి ఇంకను ముదురకుండును. అదే మాసమున 1864లోను, 1977లోను సముద్రము ఈ తీరముపైకి వచ్చినది. ఆ దినములలో దివిసీమకు పోవు మిత్రులు భోజనమునకు ముందు ఆ స్తూపము కడ కారు ఆపి, అయిదు నిమిషములు నిలిచి, పిమ్మట పోయి తృప్తిగా భుజింతురు గాక.